కాగితం పలికిన పలుకు
(పాత ట్వీటరు కథ)



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు పెట్టారు. పెన్షను రూల్సు మీద, కరువుభత్యం బకాయిల మీద రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను 1972లో నూజివీడు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 2008లో రిటైరయ్యాను. ఆ 36 సంవత్సరాలూ కాగితాల మధ్యనే గడిచాయి. తపాలు కాగితం, నోటు ఫైలు కాగితం, కార్బన్ కాగితం, సైక్లోస్టైలు స్టెన్సిలు, అన్నీ ఈ చేతులమీదుగా వెళ్ళినవే. అందుచేత కాగితం గురించే రాస్తాను. అయితే ఇది ఫైల్లో కాగితం కాదు, పాడే కాగితం. పాత లౌడుస్పీకరు పెట్టెల్లో ఉండే కాగితపు కోను ట్వీటరు కథ ఇది. చివర్లో మనందరికీ పనికొచ్చే ఒక మనవి కూడా ఉంది కనుక ఓపికగా చదవగోరుతాను.

పిట్ట కూత, కుక్క మొరుగు

హై-ఫై అనే మాట మనలో కొందరికి కొత్త కావచ్చు. అసలు పాట ఎలా ఉందో దానికి వీలైనంత దగ్గరగా వినిపించే ఏర్పాటును హై-ఫై అంటారు. అటువంటి పెట్టె ముందున్న గుడ్డ తీసి చూస్తే సాధారణంగా రెండు స్పీకర్లు కనిపిస్తాయి. పెద్దది ఊఫరు, చిన్నది ట్వీటరు. ఇంగ్లీషువాళ్ళకు కుక్క మొరిగితే ‘ఊఫ్’ అని, పిట్ట కూస్తే ‘ట్వీట్’ అని వినపడుతుందట. ఆ పేర్లు అక్కడినుంచి వచ్చినవే. మృదంగం ఎడమవైపు మోత, మగవారి గొంతులోని గాంభీర్యం ఊఫరు పని. తాళాల గలగల, వీణ తీగ మీద గోరు తగిలినప్పటి చప్పుడు, మాటలో ‘స’, ‘శ’ వంటి అక్షరాలు ట్వీటరు పని.

ఈ రెంటిలోనూ పనిచేసే సూత్రం ఒక్కటే. అయస్కాంతం సందులో సన్నని రాగితీగ చుట్ట ఉంటుంది. దానికి కోను అంటించి ఉంటుంది. పాట తాలూకు కరెంటు చుట్టలోకి వచ్చినప్పుడల్లా చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానితోపాటు కోను కదిలి గాలిని నెడుతుంది. ఆ గాలి కదలికే మన చెవికి పాట.

బూర నుంచి కోనుకు

మొదట్లో శబ్దాన్ని పెద్దది చెయ్యడానికి బూర తప్ప మార్గం లేదు. గ్రామఫోను బూర మనలో పెద్దవారు చూసే ఉంటారు. కదిలే తీగచుట్టతో శబ్దం పుట్టించే పద్ధతికి ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ అనే శాస్త్రవేత్త 1898లోనే పేటెంటు తీసుకున్నాడు. కాని దాన్ని గట్టిగా నడిపించగల ఆంప్లిఫయరు అప్పటికి లేదు. రేడియో వాల్వులు వచ్చాక, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ఇద్దరూ కలిసి బూర లేకుండా నేరుగా గదిలోకి పలికే కోను స్పీకరు తయారుచేశారు. దాని వివరాలు 1925లో ప్రకటించారు. మరుసటి సంవత్సరమే అది రేడియోలా 104 అనే పేరుతో అంగడికి వచ్చింది. అప్పటినుంచి మన ఇళ్ళలోకి వచ్చిన రేడియోలు, రికార్డు ప్లేయర్లు, టేపు రికార్డర్లు, టెలివిజన్లు, వీటిలో ఎక్కువభాగం కాగితపు కోనుతోనే పలికాయి.

మన ప్రాంతానికి ఆ పలుకు తెచ్చింది విజయవాడ ఆకాశవాణి కేంద్రం. అది 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. నేను పుట్టింది 1950లో. మా వీధిలో రేడియో ఉన్నది ఒక మామిడితోట ఆసామి ఇంట్లోనే. సాయంత్రం అరుగు మీద చేరేవాళ్ళం. ఆ వాల్వు రేడియో ముందు బంగారు రంగు గుడ్డ, దాని వెనుక కాగితపు కోను. ఉషశ్రీగారు భద్రాచలం కల్యాణం చెబుతూంటే ఆడవాళ్ళు చేతులు జోడించి వినేవారు. ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి రేడియో లైసెన్సు కట్టడం కూడా ఉండేది. 1980లలో ఆ బాధ తప్పింది.

కాగితమే ఎందుకు?

చవక కనుక కాగితం వాడారు అనుకుంటే సగమే నిజం. కాగితంలో మూడు గుణాలున్నాయి.

మొదటిది తేలిక. సెకనుకు వేలసార్లు ముందుకూ వెనక్కూ కదలాల్సిన వస్తువు బరువుగా ఉంటే కుదరదు.

రెండవది బిగువు. కాగితానికి బిగువేమిటి అనవచ్చు. చదునైన కాగితం పట్టుకుంటే వాలిపోతుంది. దాన్నే శనక్కాయల పొట్లంలా చుట్టండి, నిలబడుతుంది. కోను ఆకారంలో ఉన్నది ఆ కిటుకే. మంచి కోనులను కాగితం కత్తిరించి అంటించరు. గుజ్జును నీళ్ళలో కలిపి, కోను ఆకారంలో ఉన్న జల్లెడ మీదకు లాగి, నీరు ఓడ్చి, ఒత్తి ఆరబెడతారు. అప్పుడు అతుకు ఉండదు.

మూడవది అసలైనది. కాగితం కొట్టగానే పలికి ఊరుకుంటుంది. స్టీలు పళ్ళెం చేజారితే ఇల్లంతా మోగుతుంది. విస్తరాకు చేజారితే మోగదు. కాగితంలో నారలు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉండి, ఒరుసుకుంటూ కంపనాన్ని తమలోనే మింగేస్తాయి. స్పీకరుకు కావలసింది అదే. పాట ఆగిన చోట అది ఆగాలి. తన సొంత మోత కలపకూడదు.

కాగితానికి దోషాలూ ఉన్నాయి. వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది. ఏళ్ళు గడిస్తే అంచులు పెళుసెక్కుతాయి. పురుగులకు, ఎలుకలకు ఆహారం. ఈ చివరి విషయం నా అనుభవంలోనే ఉంది, తరువాత చెబుతాను.

చిన్న కోను అవసరం

ఒకే కోను అన్ని స్వరాలూ పలకలేదా అంటే, పలుకుతుంది కాని ఇబ్బంది ఉంది. పెద్ద కోను మంద్రస్వరానికి మొత్తంగా కదులుతుంది. బాగా పై స్వరాలకు నడుమ భాగం కదిలేసరికి అంచు వెనకబడుతుంది. పైగా పెద్ద కోను పై స్వరాలను టార్చిలైటు వెలుగులా తిన్నగా ముందుకే పంపుతుంది. పక్కన కూర్చున్నవారికి అందవు. అందుకే పై స్వరాలకు రెండు మూడు అంగుళాల చిన్న కోను విడిగా పెట్టారు. దాని దారిలో ఒక కెపాసిటరు ఉంచితే మంద్రస్వరాలు దానిదాకా రాకుండా ఆగిపోతాయి. మన ఆఫీసు ఇన్‌వర్డు గుమాస్తా తపాలు విడదీసి ఏ సెక్షనుది ఆ సెక్షనుకు పంపినట్లే అది.

ఇలాంటి కాగితపు ట్వీటర్లు ప్రపంచమంతటా వాడారు. జర్మనీ సాబా కంపెనీ రేడియోలలో ఆకుపచ్చ రంగు కాగితపు కోనులు ఉండేవి. వాటికోసం ఈనాటికీ వెతుక్కునేవారున్నారు. అమెరికాలో 1970లో వచ్చిన జేబీఎల్ ఎల్-100 అనే పేరుపొందిన పెట్టెలో ట్వీటరు కాగితపు కోనే.

అప్పటికే పోటీ మొదలైంది. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన 1958లో ఏఆర్-3 అనే పెట్టెలో కోనుకు బదులు చిన్న గోపురం ఆకారపు ట్వీటరు పెట్టాడు. గోపురం చిన్నది కనుక పై స్వరాలను గది నాలుగువైపులా పరుస్తుంది. తరువాత పట్టుగుడ్డ గోపురాలు, లోహపు గోపురాలు వచ్చాయి. కొలతపెట్టి చూస్తే అవి చాలా కాగితపు ట్వీటర్లకంటే పైదాకా పలుకుతాయి. కాగితం క్రమంగా చవక పెట్టెలకే పరిమితమైంది.

అయినా కొందరు దాన్ని వదలలేదు. దానికి కారణం ఉందని ఒక సంగతి వల్ల అనిపిస్తుంది. 1978లో జపాన్ యమహా కంపెనీ ఎన్‌ఎస్-10 అనే పెట్టెలు తెచ్చింది. రికార్డింగు స్టూడియోల్లో అవి బాగా వ్యాపించాయి. వాటి గోపురపు ట్వీటర్లు మరీ కరుకుగా ఉన్నాయని కొందరు సౌండు ఇంజనీర్లు వాటి ముందు పల్చని టిష్యూ కాగితం వేలాడదీసుకున్నారు! కాగితాన్ని ట్వీటరు నుంచి తీసేసినవాళ్ళే చివరకు ట్వీటరు ముందు కాగితం కట్టుకున్నారన్నమాట.

నా పెట్టెలు

1979లో పనిమీద మద్రాసు వెళ్ళినప్పుడు రిచీ స్ట్రీట్‌లో తిరిగాను. అప్పటికి కలకత్తా సోనోడైన్ వంటి మన దేశపు స్టీరియోలు వచ్చాయి గాని అవి గుమాస్తా జీతానికి అందేవి కావు. విడిగా రెండు ఊఫర్లు, రెండు కాగితపు ట్వీటర్లు, కెపాసిటర్లు కొని తువ్వాలులో చుట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మా ఆవిడ చూసి, “ఏమండీ, పండగకి చీర తెస్తానని వెళ్ళి ఈ గిన్నెలు తెచ్చారేమిటి?” అంది.

పెట్టెలు చేయించాలి. మన నూజివీడులో మామిడి తరువాత చెప్పుకోదగినది వీణ. పనసచెక్కతో వీణలు చేసే పనివారు ఇక్కడ ఉన్నారు. ఆ పని తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి, పనసచెక్కతో స్పీకరు పెట్టె చేసిపెట్టమన్నాను. వీణలా మోగుతుందని నా ఆశ. ఆయన నవ్వి, “అయ్యా, వీణ కుండ మోగాలి. మీ పెట్టె మోగకూడదు. మీ పెట్టె కూడా మోగితే పాడేవాడి పాటలో మీ చెక్క పాట కలుస్తుంది” అన్నాడు. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. లోతైన విషయం ఒక్క ముక్కలో చెప్పాడు. చివరకు మందపాటి ప్లైవుడ్డుతో చేయించి, లోపల దూది పరిచాను.

మా ఆవిడకు వీణ వచ్చు. పుట్టింటినుంచి తెచ్చుకున్న నూజివీడు వీణ మీద సాయంత్రాలు వాయించేది. 1984లో ఒకరోజు టేపు రికార్డరు పెట్టి గంటసేపు వాయించిన క్యాసెట్టు ఒక్కటి మిగిలింది. ఆమె 2019లో కాలం చేసింది. ఆ క్యాసెట్టు ఆ పెట్టెల్లోనే వింటూ వచ్చాను. కాగితపు ట్వీటర్లలో ఆమె గోరు తీగకు తగిలినట్లే ఉంటుందని, కొత్త సామాన్లకు ఆ గుణం రాదని అందరితో వాదించేవాణ్ణి.

ఎలుక చేసిన మేలు

మూడేళ్ళ క్రితం వేసవిలో, అటక మీద మామిడిపళ్ళు గడ్డిలో పరిచిన రోజుల్లో, ఒక ఎలుక పెట్టె వెనుక కన్నంలోంచి దూరి ఊఫరు అంచు కొరికింది. ట్వీటర్లకు వెనుక మూత ఉంది కనుక అవి బతికాయి గాని, ఒకటి అప్పటికే మూగబోయి ఉంది. బజారులో ఒక దుకాణానికి తీసుకెళితే, పారేసి బ్లూటూతుది కొనుక్కోమన్నారు. నాకు కష్టం వేసింది.

బెజవాడలో ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు సెలవులకు వచ్చి, పల్చని కాగితం, నీళ్ళు కలిపిన జిగురుతో ఊఫరు అంచు అతికాడు. అతుకు వీలైనంత తేలికగా ఉండాలి, లేకపోతే కోను బరువెక్కి స్వరం మారుతుంది. ట్వీటరులో లోపమేమీ లేదు. నలభై ఏళ్ళకు పైబడిన కెపాసిటరు లోపల ఎండిపోయింది. కొద్ది రూపాయల కొత్త కెపాసిటరుతో అది మళ్ళీ పలికింది. మీ ఇళ్ళలో పాత పెట్టెలుంటే పారేసే ముందు ఈ సంగతి చూసుకోండి.

తరువాత వాడు నా వాదాన్ని పరీక్షకు పెట్టాడు. అదే పెట్టె మీద పాత ట్వీటరు పక్కన ఒక పట్టుగుడ్డ గోపురం ట్వీటరు పెట్టి, రెంటి మోతా సమానం చేసి, మధ్యన స్విచ్చి బిగించాడు. నా కళ్ళకు తువ్వాలు కట్టాడు. మామ్మ క్యాసెట్టు పెట్టి, పదిసార్లు మార్చి, ఏది కాగితమో చెప్పమన్నాడు. పదింటిలో 6 సరిగా చెప్పాను. చీటీలు తీసినా ఐదు వచ్చేవి! రెండుచోట్ల అయితే, “ఇదీ కాగితం అంటే” అని మెచ్చుకున్నది గోపురాన్ని.

నేను చిన్నబుచ్చుకుంటే వాడు, “నువ్వన్నది పూర్తిగా తప్పు కాదు తాతయ్యా” అని నచ్చజెప్పాడు. వాడి చెవికి తేడా ప్రతిసారీ తెలుస్తోందట. క్యాసెట్టుకు కాగితమే హాయిగా ఉందన్నాడు. ఎందుకంటే పాత క్యాసెట్టులో బాగా పైన ఉండేది సంగీతం తక్కువ, టేపు ‘స్స్’ మనే రొద ఎక్కువ. కాగితం ఆ పైభాగాన్ని తగ్గించి పలుకుతుంది గనుక రొద మరుగున పడుతుంది. రేడియో సంగతీ అంతే. మన ప్రాంతపు దేశాల్లో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 1978 నుంచి 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒక స్టేషను మాటకు దక్కేది సుమారు అందులో సగం. ఆ కాలపు రేడియో, ఆ కాలపు టేపు ఇచ్చినదాన్ని కాగితం సరిగ్గా అందుకుంది. ఇవ్వనిదానికోసం ఎగబడలేదు. కాగితపు ట్వీటరు ఆకర్షణ అదేనని నాకు అర్థమైంది. అందులో మహత్తు లేదు, పొందిక ఉంది. సీడీలో తాళాల మెరుపు వినాలంటే మాత్రం గోపురమే మేలని వాడన్నాడు. ఒప్పుకున్నాను.

అసలు సంగతి

నాకు తేడా ఎందుకు తెలియలేదో కూడా వాడే తేల్చాడు. మంచి వయసులో మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసు పెరిగేకొద్దీ పైనుంచి తరుగుతూ వస్తుంది. వాడు ఒక్కొక్క స్వరమే వినిపిస్తూ పోయాడు. 5,000 వినపడింది. 7,000 అంతంతమాత్రం. 10,000 దగ్గర వాడు చెవులు మూసుకుంటున్నాడు, నాకు నిశ్శబ్దం. కాగితమూ గోపురమూ వేరుపడే చోటికి నా చెవి చేరడమే లేదు!

అప్పుడు వాడు మామూలుగా ఒకమాట అన్నాడు. “తాతయ్యా, క్యాసెట్టు మొదట్లో మామ్మ అన్న మాట బాగుంది” అని. ఏ మాట అన్నాను. వీణ మొదలయ్యే ముందు ఏదో గొణుగుడు ఉండేది. శ్రుతి చూసుకుంటోందని అనుకునేవాణ్ణి. “సరిగా రాకపోతే చెరిపేసెయ్యండి అంటోంది కదా, వినపడదా?” అన్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాను. మాట తెలిశాక, చెవి దగ్గర పెట్టుకుంటే, కొంత పోల్చుకోగలిగాను.

చివరి ఆరేడేళ్ళూ ఆమె ఏదన్నా అంటే “కాస్త నోరు తెరిచి మాట్లాడు” అని విసుక్కునేవాణ్ణి. నెమ్మదిగా నములుతూ మాట్లాడడం ఆమెకు అలవాటైపోయిందని పిల్లలతో కూడా అన్నాను. ఆమె పాపం ఇంకోసారి చెప్పేది, లేకపోతే “ఏం లేదులెండి” అని ఊరుకునేది. మాటను పోల్చుకునే ‘స’, ‘శ’, ‘ఫ’ వంటి శబ్దాల బలం చాలావరకు ఆ పై స్వరాల్లోనే ఉంటుంది. అవి తరిగితే గొంతు వినపడుతుంది, మాట అర్థం కాదు. లోపం ఆమె నోటిది కాదు, నా చెవిది. ట్వీటరు మూగబోతే మద్రాసుదాకా ఆలోచించినవాణ్ణి, నా చెవిని చూపించుకోవాలని ఒక్కరోజు అనుకోలేదు. ఇది ఇక సరిదిద్దుకోగల తప్పు కాదు.

ఆ మరుసటి నెల చెవి డాక్టరుగారికి చూపించుకున్నాను. ఇప్పుడు రెండు చెవులకూ యంత్రాలు ఉన్నాయి. ఆ యంత్రంలోనూ ఒక బుల్లి స్పీకరు ఉంది, అందులో కాగితం లేదు. మొదట చికాకుగా ఉంది. గిన్నెల చప్పుడు, కుళాయి నీళ్ళ చప్పుడు పెద్దవైనాయి. నెల తిరిగేసరికి అలవాటైంది. కోడలు వంటింట్లోంచి పిలిస్తే పలుకుతున్నాను.

నా మనవి ఇదే. అరవై దాటిన సభ్యులందరూ కళ్ళు చూపించుకున్నట్లే ఏడాదికోసారి చెవులూ చూపించుకోండి. ఇంట్లో టీవీ మోత పెంచుతున్నామంటే, ఎదుటివారు గొణుగుతున్నారని విసుక్కుంటున్నామంటే, తప్పు టీవీదీ ఎదుటివారిదీ అనుకోకముందు మనదేమో చూసుకోవాలి. ముఖ్యంగా దంపతులు ఇద్దరూ ఉన్నవారు ఈ పని వాయిదా వెయ్యకండి.

కాగితపు ట్వీటర్లు మా హాల్లో అలాగే ఉన్నాయి. ఎలుక దూరిన కన్నానికి జల్లెడ కొట్టించాను. క్యాసెట్టును మనవడు కంప్యూటరులోకి ఎక్కించి భద్రం చేశాడు. ఆమె చెరిపెయ్యమన్నది గాని, ఆ మాట ఒక్కటి నేను వినలేదు. నూజివీడు వైపు వచ్చే సభ్యులు మామిడి రోజుల్లో మా ఇంటికి రావలసిందిగా కోరుతున్నాను. చిన్నరసాలు తిని, ఆ గంటసేపు వీణ విని వెళ్ళవచ్చు.